చిన్న పట్టణమునందలి పెద్ద విద్యాపీఠము: ఎవరికి తగును?

(ఖరగ్‌పూరు, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో జరిగిన సభయందలి ప్రసంగపాఠము)



ఏటేట వేసవి వచ్చుసరికి ఖరగ్‌పూరునందలి తెలుగు గృహములలో ఒకే చర్చ వినవచ్చుచుండును. పన్నెండవ తరగతి ముగించిన బిడ్డను ఎచటికి పంపవలెను? హైదరాబాదు, విశాఖపట్టణము, కలకత్తా వంటి మహానగరములకా? లేక ఒక చిన్న పట్టణమునందు చిరకాలముగా పేరుగాంచిన విద్యాపీఠమునకా? తండ్రి ఖర్చు లెక్కించును. తల్లి భోజనమును గూర్చియు, ఆరోగ్యమును గూర్చియు అడుగును. మేనమామ ఉద్యోగముల మాట ఎత్తును. పొరుగువారు తమ బంధువుల పిల్లల సంగతి చెప్పుదురు. చదువవలసిన బిడ్డ మాత్రము తరచుగా మౌనముగా కూర్చుండును. ఈ చర్చకు కొంత క్రమము కల్పించుటయే నేటి ప్రసంగోద్దేశము.

ముందుగా రెండు ప్రశ్నలను వేరు చేసికొనవలెను. ఏ విద్యాలయము గొప్పది అనునది ఒక ప్రశ్న. ఏ విద్యాలయము ఈ బిడ్డకు తగును అనునది మరియొక ప్రశ్న. మొదటిదానికి ర్యాంకుల పట్టికలు ఏదో ఒక సమాధానము చెప్పును. రెండవదానికి ఏ పట్టికయు చెప్పజాలదు. రైలు ఉద్యోగులకు సుపరిచితమైన దృష్టాంతము ఒకటి కలదు. ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారము 1072 మీటర్లకు పైబడిన పొడవుతో చాలకాలము ప్రపంచములో అన్నిటికన్న పొడవైనదని ప్రసిద్ధి వహించినది. 2013 లో గోరఖ్‌పూరు, 2023 లో హుబ్బళ్ళి దానిని మించినవి. ఆ ప్రసిద్ధి పోయినందువలన ఖరగ్‌పూరులో దిగవలసిన ప్రయాణికుడెవడును హుబ్బళ్ళికి పోవుట లేదు. ప్రయాణికునకు కావలసినది తన బండి వచ్చు ప్లాట్‌ఫారము. విద్యార్థి విషయమునను అంతే.

ప్రసిద్ధమైన విద్యాపీఠములు చిన్న ఊళ్ళలో ఏల వెలసినవో ఆలోచించుట అవసరము. ప్రతిదానికి ఒక కారణము కలదు. ఆ కారణమే పెక్కుసార్లు దాని స్వభావమును నిర్ణయించినది. రూర్కీలో 1847 లో ఇంజనీరింగు కళాశాల వెలసినది. గంగా కాలువ నిర్మాణమునకు పనివారు, ఇంజనీర్లు కావలసివచ్చుట అందులకు హేతువు. అది 1949 లో విశ్వవిద్యాలయమైనది. 2001 లో ఐ.ఐ.టి. యైనది. రవీంద్రనాథ ఠాగూరు 1901 లో బోలపూరు సమీపమున శాంతినికేతనములో చెట్లనీడలలో పాఠశాల ప్రారంభించినాడు. నగరపు గోడల నడుమ బాల్యము వాడిపోవునని ఆయన తలంపు. 1921 లో అది విశ్వభారతియై, 1951 లో కేంద్ర విశ్వవిద్యాలయముగా గుర్తింపు పొందినది. చిదంబరమునందు 1929 లో స్థాపితమైన అన్నామలై విశ్వవిద్యాలయము ఒక దాత సంకల్పబలమువలన ఆలయపట్టణమున నిలిచినది.

ఖరగ్‌పూరు చరిత్ర వీనికన్న విచిత్రమైనది. 1930 లో బ్రిటిషు ప్రభుత్వము హిజిలీలో రాజకీయ ఖైదీలకై నిర్బంధ శిబిరము నెలకొల్పినది. 1931 సెప్టెంబరు 16 వ తేదీ రాత్రి కావలివారు నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అను ఇరువురు ప్రాణములు కోల్పోయిరి. సుభాస్ చంద్రబోసు స్వయముగా వచ్చి వారి భౌతికకాయములను తీసికొనిపోయినాడు. రవీంద్రుడు కలకత్తాలో బహిరంగసభలో నిరసన తెలిపినాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1944 లో, అమెరికా వైమానికదళపు 20 వ బాంబరు కమాండు ముఖ్యస్థానము ఖరగ్‌పూరులోనే ఉండెను. యుద్ధము ముగియుచున్న దినములలోనే దేశమునకు ఉన్నత సాంకేతిక విద్యాలయములు కావలెనను తలంపు బలపడినది. నళినీరంజన్ సర్కారు అధ్యక్షతను ఏర్పడిన సంఘము దేశము నలుదిక్కుల అట్టి విద్యాలయములుండవలెనని సూచించినది. ప్రథమ విద్యాలయమునకు బిధాన్ చంద్ర రాయ్ ప్రోద్బలముతో హిజిలీ స్థలము లభించినది. 1951 ఆగస్టు నెలలో 224 మంది విద్యార్థులతో, 42 మంది అధ్యాపకులతో బోధన ఆరంభమైనది. ఆగస్టు 18 న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దానిని లాంఛనముగా ప్రారంభించినాడు. జ్ఞానచంద్ర ఘోష్ మొదటి డైరెక్టరు. 1956 లో పార్లమెంటు చట్టము చేసి దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించినది. ఆ సంవత్సరమే మొదటి స్నాతకోత్సవమున జవహర్‌లాల్ నెహ్రూ ఉపన్యసించినాడు. నాటి చెరసాల భవనము నేడును నిలిచియున్నది. 1990 నుండి అందు నెహ్రూ పేర విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాల నెలకొనియున్నది.

ఇట్టి స్థలమున చదువుట యువకుల మనస్సుకు ఏదో ఒకటి నేర్పకపోదు. తరగతికి పోవు త్రోవలో, తమ వయసువారే ఒకనాడు ఏ గదులలో బంధింపబడిరో ఆ గదులను చూచుచు పోవలసియుండును. అయినను చరిత్రకున్న హద్దును గుర్తింపవలెను. చరిత్ర గౌరవము నీయగలదు గాని పాఠము చెప్పజాలదు. ఇందులకు జర్మనీలోని గొటింగెన్ ఉదాహరణము. 18 వ శతాబ్దిలో స్థాపింపబడిన ఆ విశ్వవిద్యాలయము ఒక చిన్న పట్టణమునందున్నది. గౌస్, రీమాన్, హిల్బర్టు వంటి గణితవేత్తలవలన అది ప్రపంచ గణితమునకే రాజధాని యైనది. 1933 లో నాజీ ప్రభుత్వము యూదులైన ఆచార్యులను తొలగింపగా మాక్స్ బార్న్, ఎమ్మీ నోథర్, రిచర్డ్ కూరాంట్ మున్నగువారు దేశము విడిచిరి. భవనములు, గ్రంథాలయము, పేరు అన్నియు మిగిలినవి. ఆ గణిత వైభవము మాత్రము కొలది నెలలలో చెదరిపోయినది. కావున ప్రాచీన విద్యాపీఠమును ఎన్నుకొనువారు దాని స్థాపన సంవత్సరమును అడిగిన పిదప, తమకు కావలసిన శాఖలో నేడు పాఠము చెప్పుచున్న వారెవరని తప్పక అడుగవలెను.

చిన్న పట్టణమువలన కలుగు మేలు మొదట చూతము. విద్యార్థులును, ఆచార్యులును ఒకే ప్రాంగణమున నివసింతురు. సాయంకాలము గ్రంథాలయమునందో, అంగడివద్దనో, సైకిలు మీద పోవుచునో ఆచార్యుడు ఎదురుపడును. నగరములో పాఠము ముగియగానే గురుశిష్యులు చెరియొక బస్సెక్కి పోవుదురు. ఖరగ్‌పూరు ప్రాంగణము దాదాపు 2100 ఎకరముల విస్తీర్ణము గలది. అందు హాస్టళ్ళు, ఆటస్థలములు, ఆస్పత్రి, అంగళ్ళు అన్నియు కలవు. వేడుకలు బయట లేనందున విద్యార్థులే కల్పించుకొందురు. దీపావళి రాత్రి హాస్టళ్ళవారు వెదురు చట్రములపై వేలకొలది ప్రమిదలు పేర్చి పురాణ చిత్రములు వెలిగించుట ఇచటి ప్రత్యేకత. టిక్కెట్టు కొని చూచు వేడుకకును, వారముల తరబడి పదిమందితో కలిసి శ్రమించి నిలిపిన వేడుకకును భేదము చదువు ముగిసిన తరువాత తెలియును. ఒక్కడై చేయలేని పనిని పదుగురితో చేయించుట ఏ పరీక్షలోను లేని పాఠము.

పాత విద్యాపీఠములందు మరియొక సౌలభ్యము కలదు. క్రొత్త కళాశాలలు ప్రాయికముగా గిరాకీ గల రెండు మూడు శాఖలతో తృప్తి చెందును. పాతవానియందు వివిధ శాఖలు వేళ్ళూనియుండును. ఖరగ్‌పూరులో కంప్యూటరు, ఎలక్ట్రానిక్సు శాఖలతోపాటు వ్యవసాయ ఇంజనీరింగు, నౌకా నిర్మాణము, గనుల శాస్త్రము, భూగర్భ శాస్త్రము, వాస్తుశిల్పము, న్యాయశాస్త్రము కూడ బోధింపబడుచున్నవి. పదునెనిమిదవ యేట తనకేమి కావలెనో తెలియని బిడ్డకు ఇది గొప్ప మేలు. ఏలూరులో జన్మించి, కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన దువ్వూరి సుబ్బారావుగారు 1969 లో ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.నుండి పట్టము పొందినది భౌతికశాస్త్రమున, ఇంజనీరింగున కాదు. 1972 లో ఐ.ఎ.ఎస్. పరీక్షలో ప్రథముడై, 2008 నుండి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండిరి. విద్యాపీఠపు పేరు విని అందరును ఒకే త్రోవ ఊహింతురు. లోపల త్రోవలు అనేకములు.

ఇక కష్టముల సంగతి. చిన్న ఊరిలో ప్రపంచము చిన్నదగును. నాలుగైదు సంవత్సరములు అవే ముఖములు, అవే అంగళ్ళు, అవే మాటలు. కలిసిమెలిసి యుండువానికి ఇది కుటుంబమువలె తోచును. ఏకాంతప్రియునకో, స్నేహము కుదరనివానికో ఇదే ప్రాంగణము ఇరుకైన గదివలె తోచును. నగరములో ఒక గుంపు నచ్చనిచో మరియొక గుంపును వెదుకుకొనవచ్చును. ఇచట తప్పుకొనుటకు చోటు తక్కువ. నాటకము, సంగీతము, న్యాయస్థానము, పత్రికాలయము, పెద్ద ఆస్పత్రి, పెద్ద వ్యాపారము వీనిని దగ్గరనుండి చూచి నేర్వవలసిన విద్యలు కొన్ని కలవు. అట్టి విద్యలు కోరువానికి నగరమే సగము పాఠశాల. అతనిని చిన్న ఊరికి పంపిన సగము పాఠము పోవును.

మరియొక విషయము వేదిక మీద చెప్పుట కష్టమైనను చెప్పక తప్పదు. 2025 లో ఖరగ్‌పూరు ప్రాంగణమున కొందరు విద్యార్థులు అకాలముగా మరణించుట దేశమంతటను ఆవేదన కలిగించినది. ఇట్టి దుఃఖములు ఈ యొక్కచోటనే గాక ఇతర విద్యాసంస్థలలోను, పోటీపరీక్షల శిక్షణకేంద్రములలోను జరిగియున్నవి. ఒక్కొక్క మరణమునకు కారణమిదియని బయటివారు నిర్ణయించుట ధర్మము కాదు. కాని తల్లిదండ్రులు గ్రహింపవలసినది ఒకటి కలదు. తన పాఠశాలలో, తన జిల్లాలో ఎప్పుడును మొదటివాడుగా నుండిన బిడ్డ ఇట్టి విద్యాపీఠమున చేరిన మొదటి పరీక్షలోనే నూరవవాడు కావచ్చును. అతని తెలివి తగ్గలేదు, చుట్టునున్నవారు మారిరి. ఈ మాట బిడ్డకు బయలుదేరుటకు ముందే, ఇంటిలో, నవ్వుమొగముతో చెప్పియుండవలెను. "మార్కులు తగ్గిన ఇంటికి రావలదు" అను భావము మాటలో గాని, చూపులో గాని కనబడరాదు. విచారముతో క్రుంగుచున్న బిడ్డకు ఇంటి తలుపు ఎప్పుడును తెరచియుండునని తెలియవలెను. ప్రభుత్వము 2022 లో ప్రారంభించిన టెలి-మానస్ అను సహాయకేంద్రమునకు 14416 సంఖ్యద్వారా రాత్రింబవళ్ళు ఫోను చేయవచ్చును. అందు తెలుగులో మాటలాడు సౌకర్యమును కలదు. ఆ సంఖ్యను అన్నిటికన్న ముందు తల్లిదండ్రులు వ్రాసియుంచుకొనదగును.

తగుట, తగకపోవుట అనునవి ఒక్క మాటలో తేలునవి కావనుటకు సత్యజిత్ రాయ్ జీవితము నిదర్శనము. ఆయన కలకత్తా నగరమున పెరిగినవాడు. సినిమాలు, పాశ్చాత్య సంగీతము, పుస్తకాల దుకాణములు ఆయన ప్రాణము. తల్లి కోరికవలన 1940 లో ఇష్టము లేకయే శాంతినికేతనమున కళాభవనములో చేరినాడు. చదువు పూర్తి కాకుండగనే 1942 చివర తిరిగి నగరమునకు వచ్చినాడు. ఇంతమాత్రము చూచినవారు ఆ చిన్న ఊరు ఆయనకు తగలేదందురు. కాని అచట నందలాల్ బోస్, బినోద్ బిహారీ ముఖర్జీ అనువారివద్ద నేర్చిన చూపు ఆయనను విడువలేదు. చూపు కోల్పోయిన పిదపను చిత్రరచన మానని తన గురువు బినోద్ బిహారీని గూర్చి 1972 లో 'ది ఇన్నర్ ఐ' అను చిత్రమును తీసినాడు. రెండున్నర సంవత్సరముల చదువునకు ముప్పది యేండ్ల తరువాత చెల్లించిన గురుదక్షిణ అది. అదే విద్యాపీఠమున చదివిన నెల్లూరు సీమవాడైన బెజవాడ గోపాలరెడ్డిగారు రవీంద్రుని రచనలను తెలుగులోనికి తెచ్చినారు. ఒకనికి ఆ ఊరు మజిలీ. ఒకనికి జీవితకాలపు అనుబంధము. ఇద్దరికిని లాభమే కలిగినది.

ఇక ఖరగ్‌పూరు తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. ఇతరులు ఈ ఊరికి రావలెనా అని యోచింతురు. ఇచటివారు ఈ ఊరిలో ఉండిపోవలెనా అని యోచింతురు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల కుటుంబములు ఇచట స్థిరపడినవి. వర్క్‌షాపులోను, లోకోలోను, ఆఫీసులలోను రెండు మూడు తరములు పనిచేసినవి. తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా ఒకే వీధిలో వినబడుటచేత ఈ ఊరికి మినీ ఇండియా యను పేరు వచ్చినది. రైల్వే పట్టణమునకును ఐ.ఐ.టి. ప్రాంగణమునకును నడుమ దూరము కొలది మైళ్ళు మాత్రమే. కాని క్వార్టర్లలో పెరిగిన బిడ్డకు ఆ దూరము ఎక్కువగా తోచును. దేశమంతటినుండి విద్యార్థులు ప్రవేశపరీక్ష వ్రాసి అచటికి వత్తురు. స్థానికుడను కారణమున సీటు లభింపదు, లభింపకూడదు కూడ. గేటు దగ్గర ఉన్నంతమాత్రమున త్రోవ దగ్గర కాదు.

సీటు వచ్చినచో మాత్రము సంకోచింపవలసిన పని లేదని పలువురు తలంతురు. అచటనే ఆలోచన అవసరము. ఇంటినుండి సైకిలు దూరములో చదువు లభించుట సుఖమే. జ్వరము వచ్చిన అమ్మ చేతి గంజి దొరకును. కాని హాస్టలులో నివసించియు ప్రతి సాయంకాలము ఇంటికి వచ్చు బిడ్డకు విద్యాపీఠపు జీవితములో సగము అందదు. కావున ఊరిలోనే చదువువారు ఊరు విడిచిపోయినట్లే ఉండుట మంచిది. సెలవుదినములలో ఇంటికి, పనిదినములలో ప్రాంగణములో అను కట్టుబాటును తల్లిదండ్రులే మొదట పాటింపవలెను. ఇక ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములనుండి వచ్చు విద్యార్థులకు ఖరగ్‌పూరు పరదేశము కాదు. విశాఖపట్టణమునుండి సుమారు 760 కిలోమీటర్లు. కోరమాండల్, ఫలక్‌నుమా వంటి బండ్లు నేరుగా వచ్చును. స్టేషనులో దిగగానే తెలుగు మాట వినబడును. క్రొత్తగా వచ్చిన బిడ్డకు పండుగనాడు పులిహోర పెట్టు ఇల్లు ఒకటి ఊరిలో ఉన్నదన్న తెలివిడియే పెద్ద ధైర్యము. తెలుగు సంఘములు చేయదగిన విద్యాసేవలలో ఇది చౌకయైనది, ఫలవంతమైనది.

కుమార్తెల విషయమున ఒక మాట. పెక్కు గృహములలో రెండు కొలతలు నడుచుచున్నవి. కుమారునకైనచో ఏ విద్యాపీఠము గొప్పదని అడుగుదురు. కుమార్తెకైనచో ఏది దగ్గరని అడుగుదురు. కంసావతీ నది కావల మేదినీపురమున 1981 లో స్థాపితమైన విద్యాసాగర్ విశ్వవిద్యాలయము కలదు. ఆ ప్రాంతమున ఉన్నతవిద్యను చేరువకు తెచ్చిన సంస్థ యది. అందలి శాఖ బిడ్డకు నచ్చి, అచటికి పంపిన సంతోషింపదగినదే. కాని దగ్గరయను ఒక్క కారణముచేత బిడ్డ అభిరుచిని త్రోసిపుచ్చి పంపుట న్యాయము కాదు. 2018 నుండి ఐ.ఐ.టి.లలో బాలికలకై అదనపు సీట్లు కల్పింపబడుచున్నవి. ప్రభుత్వము తలుపు తెరచినప్పుడు ఇల్లు తలుపు మూయరాదు. కుమార్తె భద్రతను గూర్చి అడుగు ప్రశ్నలన్నియు అడుగవలసినవే. అవి కుమారుని గూర్చియు అడుగవలసినవే.

ఈ పార్కుకును, నది కావలి విశ్వవిద్యాలయమునకును పేరిచ్చిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు నేటి పశ్చిమ మేదినీపూరు జిల్లాలోని బీర్సింహా గ్రామమున 1820 లో జన్మించినాడు. ఆయన బాల్యమున చదువుకై తండ్రి వెంట కాలినడకను కలకత్తాకు పోవుచు, దారిలోని మైలురాళ్ళను చూచి ఆంగ్ల అంకెలు నేర్చెనని ప్రసిద్ధి. నాడు పల్లెబాలుడు చదువుకై నగరమునకు నడువవలసివచ్చెను. నేడు నగరబాలురు చదువుకై ఆ జిల్లాకే వచ్చుచున్నారు. దక్షిణదేశ విద్యాసాగరుడని పేరొందిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమును తన కార్యక్షేత్రముగా చేసికొని బాలికల చదువునకు పాటుపడినారు. చదువునకు దిక్కు ఇదియని విధి ఏదియు లేదు. ఊళ్ళును మారుచుండును. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926 లో బెజవాడలో పుట్టి 1930 లో వాల్తేరునకు చేరినపుడు అది సముద్రతీరపు చిన్న పట్టణము. విశాఖ రేవు 1933 లో ప్రారంభమైనది. నేడు అది మహానగరము. విద్యాపీఠముల చెంత పారిశ్రామిక వాటికలు పెరుగుచున్నవి. రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ నెలకొల్పిన ఈ పార్కు అందులకు నిదర్శనము. కనుక చిన్న ఊరిని ఎన్నుకొనువారు అచట చదువుతోపాటు చూచి నేర్వదగిన పని ఏది కలదని కూడ విచారింపవలెను. వర్క్‌షాపు, కర్మాగారము, పొలము, అడవి, నది ఇవి యన్నియు తగిన శాఖవారికి ప్రయోగశాలలే.

నిర్ణయము చేయు విధమును సంగ్రహముగా చెప్పుకొనవచ్చును. మొదట శాఖ, తరువాత ఆచార్యులు, పిదప విద్యాపీఠపు పేరు, చివర ఊరు అను వరుసలో విచారింపవలెను. పెక్కుమంది ఈ వరుసను తలక్రిందులు చేయుదురు. రెండవది, చేరుటకు ముందు ఒకసారి స్వయముగా చూడవలెను. ఉత్సవదినములలో ఏ ప్రాంగణమైనను అందముగానే ఉండును. వానకాలపు మామూలు వారములో, పరీక్షలు దగ్గరపడిన దినములలో చూడవలెను. మూడవది, అచట చదువుచున్నవారిని అడుగవలెను. మొదటి సంవత్సరమువారు ఉత్సాహముతోను, చివరి సంవత్సరమువారు అభిమానముతోను మాటలాడుదురు. రెండవ సంవత్సరమువారి మాటలో సత్యము ఎక్కువ. "ఆదివారము సాయంకాలము ఏమి చేయుదువు? కష్టము వచ్చినపుడు ఎవరి గదికి పోవుదువు?" అను రెండు ప్రశ్నలు చాలును. నాలుగవది, ఖర్చును కాగితముమీద పూర్తిగా వ్రాసికొనవలెను. ఫీజుతోపాటు భోజనము, ప్రయాణములు, పుస్తకములు, విద్యార్థివేతనములు, బ్యాంకు ఋణమైనచో దాని వడ్డీ అన్నియు అందు చేరవలెను. ఋణభారము బిడ్డ ఇరువదిరెండవ యేట చేయదగిన సాహసములను ఎంతవరకు అరికట్టునో ఆలోచింపవలెను.

ఐదవది, బిడ్డ స్వభావము. ఒంటరిగా భోజనము చేయుటకు జంకనివాడా? కొత్తవారిని పలుకరింపగలడా? తన బట్టలు తాను ఉతుకుకొనునా? తప్పు జరిగినప్పుడు దాచునా, చెప్పునా? ర్యాంకు కార్డులో లేని ఈ సంగతులు తల్లికి తెలిసినట్లు మరియెవరికిని తెలియవు. చర్చలో ఆమె మాటకు చోటుండవలెను. ఆరవది, అన్నిటికన్న ముఖ్యమైనది, బిడ్డ అభిప్రాయము. వారము దినములు గడువిచ్చి, తనకేది కావలెనో, ఎందుకు కావలెనో ఒక కాగితముమీద వ్రాయుమని చెప్పవలెను. వ్రాయలేకపోయినచో ఇంకను తెలియలేదని అర్థము. అది దోషము కాదు. అట్టివానికి వివిధ శాఖలు గల చోటు మంచిది. వ్రాసినచో పెద్దలు దానిని ఆసాంతము చదివి, పిదప మాటలాడవలెను.

ఇంత విచారించి చేసిన నిర్ణయమును తప్పుగా పరిణమింపవచ్చును. ఒక సంవత్సరము గడిచిన పిదప ఊరు సరిపడలేదని తెలియవచ్చును. అప్పుడు శాఖను గాని, చోటును గాని మార్చుకొనుట అపకీర్తి కాదు. బండి మారవలసిన జంక్షనులో దిగి సరియైన బండి ఎక్కినవానిని ఎవ్వరును ఓడిపోయినవాడనరు. ఖరగ్‌పూరు జంక్షనులో ప్రతిదినము వేలమంది చేయు పనియే యది. మద్రాసు వైపు, బొంబాయి వైపు, కలకత్తా వైపు పోవు దారులు కలియు ఊరిలో నివసించు తెలుగువారికి ఈ సంగతి వేరుగా చెప్పవలసిన పని లేదు.

ఈ వేసవిలో బిడ్డల భవిష్యత్తును నిర్ణయింపనున్న గృహములందెల్ల ఆ చర్చ ప్రేమతోను, ఓర్పుతోను సాగుగాక. చిన్న ఊరికైనను, మహానగరమునకైనను బయలుదేరు ప్రతి బాలునకును, బాలికకును శుభమగుగాక.